ఉద్దానం తోటలో రేకుల షెడ్డు పైకప్పు: ఆరు వర్షాకాలాల తర్వాత

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా వజ్రపుకొత్తూరు ప్రాంతం మీదుగా తీరం దాటినప్పుడు, తోటలోని పాత షెడ్డు గోడలు నిలిచాయి గానీ, కొక్కేలతో బిగించిన సిమెంటు రేకుల్లో ఒక్కటీ మిగలలేదు. మరుసటి వేసవిలో అవే గోడల మీద, జీడిపిక్కల బస్తాలకూ మోటారు సామానుకూ సరిపడేలా, పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవున వేయించుకున్న కొత్త పైకప్పు గురించి, ఆరు వర్షాకాలాలు వాడిన అనుభవంతో రాస్తున్నాను.

హిమాచల్ ప్రదేశ్ వంటి చోట్ల పేరుకున్న మంచు పైకప్పును కిందికి నొక్కుతుంది కాబట్టి అక్కడ దూలాల బలమూ, మంచు జారిపోయేంత వాలూ చూసుకుంటారు. మన తీరంలో పని తలకిందులు: పైనుంచి వేగంగా సాగే గాలి రేకును పైకి లాగుతుంది, ఆ లాగుడు అంచుల్లోనూ మూలల్లోనూ మరీ ఎక్కువ. అందుకే నేను రేకు మందానికి కాక బిగింపుకే ఎక్కువ ఖర్చు పెట్టాను. అర మిల్లీమీటరు రంగు రేకుల కింద మధ్యలో మూడడుగులకు ఒకటి, చూరు దగ్గర రెండడుగులకు ఒకటి చొప్పున ఇనుప పైపులు వేయించి, వాటిని నాలుగు మూలల స్తంభాలకు వెల్డింగ్ చేయించి, ఆ స్తంభాలను రెండున్నర అడుగుల లోతు కాంక్రీటులో దింపించాను. చూరు అడుగుకు మించనివ్వలేదు. రేకుల మీద రాళ్లు, ఇసుక బస్తాలు పెట్టే అలవాటు మన ఊళ్లలో ఉంది గానీ, పెనుగాలికి అవే వచ్చి మనుషుల మీద పడతాయి కనుక దయచేసి ఎవరూ పెట్టకండి.

2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటినప్పుడు ఈ పైకప్పుకు అసలు పరీక్ష ఎదురైంది. తలుపు గడియ ఊడి గాలి లోపలికి చొరబడగానే రేకులు ఊపిరి తీస్తున్నట్టు ఉబ్బి దిగడం టార్చిలైటు వెలుగులో చూశాను. తెల్లవారి నిచ్చెన ఎక్కితే, ఈశాన్య మూల స్క్రూ చుట్టూ రేకు గరిటె గుంటలా పైకి లేచి ఉంది, మిగతావన్నీ పట్టు వదలలేదు. ఆ తర్వాత అంచు స్క్రూల కింద వెడల్పాటి ఇనుప పట్టీలు వేయించి, తలుపుకు లోపలివైపు అడ్డగడ పెట్టించాను. పైకప్పు ఎంత గట్టిదైనా తలుపు తెరుచుకుంటే దాని మీద భారం రెండు వైపుల నుంచీ పడుతుందని నాకు ఆ రాత్రే అర్థమైంది.

లోపాలూ ఉన్నాయి. ఉప్పుగాలికి నాలుగో ఏటికే స్క్రూల తలలు తుప్పుపట్టాయి, రబ్బరు వాషర్లు ఎండి చిట్లాయి, రెండుచోట్ల కారిన నీటికి ఒక బస్తా పిక్కలు బూజుపట్టాయి. వెల్డింగ్ అతుకులకు వెంటనే జింకు రంగు పూయించకపోవడం వల్ల అక్కడా తుప్పు మొదలైంది. మే నెల మధ్యాహ్నం లోపల నిలబడలేము, పైపుల కింద కొబ్బరాకు తడికలు కట్టాకే కొంత నయమైంది.

మళ్లీ కట్టినా ఇవే రేకులు, ఇదే బిగింపు. స్క్రూలు మాత్రం జింకు పూత మందంగా ఉన్నవే కొంటాను, వాషర్లు మూడేళ్లకోసారి, అక్టోబరు రాకముందే మార్పిస్తాను.