జీవితచరిత్ర ప్రాజెక్టుకు ఎవరు మేలు: సరోజినీ నాయుడా, తుర్రేబాజ్ ఖానా, రొనాల్డ్ రాసా?

దసరా సెలవుల తర్వాత బడులు తెరిచిన వారం నుంచి తల్లిదండ్రులు నన్ను ఏటా అడిగే ప్రశ్న ఒకటే. "సార్, పిల్లవాడికి చారిత్రక వ్యక్తి జీవితచరిత్ర రాయమని ప్రాజెక్టు ఇచ్చారు, ఎవరిని తీసుకోమంటారు?" సికింద్రాబాద్ వైపు ఒక బడిలో ఇరవై ఏళ్లకు పైగా సోషల్ చెబుతున్నాను కనుక ఈ ప్రశ్న వీధిలోనూ, పెళ్లి భోజనాల దగ్గరా, ఫోన్‌లోనూ ఎదురవుతూనే ఉంటుంది. మా చెల్లెలి కొడుకు ఈసారి ఏడో తరగతికి రావడంతో అది మా ఇంట్లోకే వచ్చింది. అందుకని నా అభిప్రాయాన్ని ఒకసారి వివరంగా రాసిపెడుతున్నాను.

నలభై మంది ఉన్న తరగతిలో సగానికి పైగా ప్రాజెక్టులు గాంధీజీ మీదో, నెహ్రూ మీదో, అబ్దుల్ కలాం గారి మీదో వస్తాయి. ఆ మహనీయుల గొప్పదనం గురించి నాకు సందేహమేమీ లేదు. అయితే ఆ ప్రాజెక్టులన్నింటిలోనూ స్టేషనరీ షాపులో కొన్న అదే బొమ్మల షీటు, ఫోన్‌లో దొరికిన అవే పది వాక్యాలు ఉంటాయి. పిల్లవాడు కత్తిరించి, అంటించి, రంగు స్కెచ్చుతో గీతలు గీసి తెచ్చిన పన్నెండు పేజీల్లో వాడు స్వయంగా తెలుసుకున్న సంగతి ఒక్కటీ కనిపించదు. కాబట్టి నా దృష్టిలో అసలు తేల్చవలసిన విషయం ఆ వ్యక్తి ఎంత ప్రసిద్ధుడన్నది కాదు, ఎన్ని ఫొటోలు దొరుకుతాయన్నదీ కాదు. పిల్లవాడు తన కళ్లతో చూసి, తానే సరిపోల్చుకుని నిర్ధారించుకోగలిగిన విషయం ఆ జీవితంలో కనీసం ఒక్కటైనా ఉందా అన్నదే. ఈ గీటురాయి మీద హైదరాబాదుకు సంబంధించిన ముగ్గురిని పరీక్షిస్తాను.

సరోజినీ నాయుడు అందరికీ మొదట గుర్తొచ్చే పేరు. 1879లో హైదరాబాదులో పుట్టడం, తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయకు నిజాం కళాశాలతో ఉన్న అనుబంధం, 1925లో కాన్పూరు కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత, 1930లో ధరాసన ఉప్పు సత్యాగ్రహానికి నాయకత్వం, స్వాతంత్ర్యం తర్వాత యునైటెడ్ ప్రావిన్సెస్ (ఉత్తరప్రదేశ్‌కు అప్పటి పేరు) గవర్నర్ పదవి, ఇలా పేజీలు నింపడానికి ఏ లోటూ ఉండదు. నాంపల్లిలోని వారి ఇల్లు 'గోల్డెన్ త్రెషోల్డ్' ఇప్పటికీ ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో తన తొలి అడుగులు వేసింది ఆ ఇంట్లోనే. చిక్కు ఎక్కడంటే, సమాచారం ఇంత సిద్ధంగా ఉండటం వల్లనే పిల్లలు 'భారత కోకిల' అన్న బిరుదు దగ్గర ఆగిపోతారు. ఎందుకు కోకిల అన్నారని అడిగితే నూటికి తొంభై మంది ఆమె బాగా పాడేవారని చెబుతారు. ఆమె గాయని కారు, ఇంగ్లీషులో కవిత్వం రాశారు. ఈ ఎంపిక ఖాయం చేసుకున్నవారికి నా సలహా ఒక్కటే. హైదరాబాద్ బజార్ల మీద ఆమె రాసిన చిన్న కవితను పిల్లచేత చదివించి, అందులో కనిపించే వర్తకులలో, కంసాలులలో, పూలమాలలు కట్టేవారిలో ఇప్పుడు చార్మినార్ చుట్టుపక్కల ఎవరెవరు మిగిలారో ఒక సాయంత్రం తీసుకెళ్లి చూపించండి. అప్పుడు ఆ ప్రాజెక్టు పిల్లదే అవుతుంది. అలా చేసినవారిని ఇన్నేళ్లలో ఇద్దరినే చూశాను.

తుర్రేబాజ్ ఖాన్ విషయం దీనికి పూర్తిగా తలకిందులు. ఇక్కడ సమాచారమే కొరత. 1857 జూలై 17న ఆయన, మౌల్వీ అలావుద్దీన్ కొందరిని వెంటబెట్టుకుని కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ (నిజాం రాజ్యంలో బ్రిటిష్ ప్రతినిధి ఉండే భవనం) మీద దాడి చేశారు. అది ఫలించలేదు. మౌల్వీని అండమాన్‌కు పంపారు. తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడి, తప్పించుకుని, 1859లో తూప్రాన్ ప్రాంతంలో హతమయ్యారు. శవాన్ని అందరూ చూసేలా నగరంలో వేలాడదీశారు. అప్పుడు నిజాంకు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ బ్రిటిష్‌వారి పక్షాన నిలిచారు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఇంతకంటే మంచి చర్చ దొరకదు, ఎందుకంటే ఒకే నగరంలో తుర్రేబాజ్ ఖాన్ పేరుతో ఒక రోడ్డూ, సాలార్‌జంగ్ వంశం పేరుతో ఒక మ్యూజియమూ ఉన్నాయి. (మ్యూజియంలోని వస్తువులను సేకరించినవారిలో ప్రముఖులు మూడో సాలార్‌జంగ్. పిల్లలు ఈ ఇద్దరినీ ఒకరిగా కలిపేస్తుంటారు, జాగ్రత్త.) రెసిడెన్సీ భవనం కోఠీ మహిళా కళాశాల (ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం) ఆవరణలో నేటికీ నిలిచి ఉంది.

పిల్లవాడు స్వయంగా తేల్చుకోగలిగిన విషయం కూడా ఇందులో ఒకటుంది. ఆ దాడికి ముందు మక్కా మసీదులో శుక్రవారం నమాజు తర్వాత జనం కదిలారని పుస్తకాల్లో చదువుతాం. 1857 జూలై 17 నిజంగా శుక్రవారమేనా అని లెక్కగట్టి చూడమని నేను పిల్లలకు చెబుతాను. అవును, శుక్రవారమే. ఆ లెక్క తేలినప్పుడు పిల్లల ముఖాల్లో కనిపించే సంతోషం ఏ బొమ్మల షీటూ ఇవ్వలేనిది. అయినా ఏడో తరగతికి ఈయనను నేను గట్టిగా సిఫారసు చేయలేకపోతున్నాను. బాల్యం, చదువు, కుటుంబం అని ప్రాజెక్టు కాగితంలో శీర్షికలు ఇచ్చేస్తారు, వాటి కింద రాయడానికి ఏమీ దొరకదు. దొరకని చోట పిల్లలు, కొన్నిసార్లు వారి తల్లిదండ్రులు, కల్పించి రాస్తారు. చరిత్ర నేర్చుకోవడం కల్పనతో మొదలుకావడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు.

ఇక రొనాల్డ్ రాస్. మా మేనల్లుడికి నేను చెప్పింది ఈ పేరే. 1857లో అల్మోరాలో పుట్టి, భారత సైనిక వైద్య విభాగంలో చేరి, 1895లో సికింద్రాబాద్ చేరిన ఈ వైద్యుడు బేగంపేటలో, పాత విమానాశ్రయం దగ్గర ఇప్పటికీ ఉన్న ఒక భవనంలో, 1897 ఆగస్టు 20న దోమ పొట్టగోడలో మలేరియా పరాన్నజీవిని చూశారు. ఆ రోజును నేడు ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇంతవరకూ ఏ చార్టులోనైనా ఉంటుంది.

నన్ను ఆకట్టుకునేది ఆ తేదీకి ముందున్న రెండేళ్లు. దోమలే మలేరియాను మోస్తాయని ఊహించి, రోగులను కుట్టించిన దోమలను కోసి చూస్తూ, ఏమీ కనబడక, మళ్లీ మళ్లీ కోసిన రెండేళ్లవి. ఎండాకాలంలో పంకా వేసుకుంటే దోమలు ఎగిరిపోతాయని పంకా లేకుండానే కూర్చున్నారు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయని, మిగిలిన ఒక్క కంటికటకమూ పగిలి ఉందని ఆయనే రాసుకున్నారు. ఇంత కష్టమూ ఫలించకపోవడానికి కారణం చాలా చిన్నది. ఆయన కోసినవి మలేరియాను మోయని జాతుల దోమలు, అంటే బూడిదరంగువి, చారలున్నవి. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న వేరే రకం దోమలు చేతికి వచ్చాకనే దారి తెరుచుకుంది.

పిల్లవాడు చేయదగిన పని సరిగ్గా ఇక్కడే ఉంది. మా చెల్లెలి ఇంటి వెనక, బట్టలు ఉతికేచోట ఒక సిమెంటు తొట్టి ఉంది. వానాకాలం చివరలో దానిలో దోమ పిల్లలు కదులుతున్నాయి. ఒక తెల్లని గిన్నెలోకి ఆ నీళ్లు తీసి, ఎండలో పెట్టి, భూతద్దంతో చూడమన్నాను. మచ్చల రెక్కల జాతి పిల్లలు నీటి పైపొరకు సమాంతరంగా, పడుకున్నట్టు తేలుతాయి. మామూలు ఇంటి దోమల పిల్లలైతే తోకభాగంలోని గొట్టాన్ని పైకి పెట్టి, తల కిందికి వేలాడుతూ ఉంటాయి. వాడు చాలాసేపు చూసి, "మామయ్యా, అన్నీ తలకిందులుగానే వేలాడుతున్నాయి" అన్నాడు. ఆ సాయంత్రం తన నోటుబుక్కులో, మా తొట్టిలో ఉన్నవి రాస్‌కు ఉపయోగపడని రకం దోమలే అని రాసుకున్నాడు. ఆ వాక్యం ఏ పుస్తకంలోనూ లేదు, ఏ ఫోన్‌లోనూ దొరకదు. ఆ తర్వాత వాడికి రాస్ పడిన రెండేళ్ల కష్టం గురించి నేను వివరించవలసిన అవసరం రాలేదు. (చూడటం అయ్యాక గిన్నెలో నీళ్లనూ, తొట్టిలో నీళ్లనూ మట్టిలో పారబోయించండి.)

ఈ ప్రాజెక్టుల్లో ఏటా కనిపించే తప్పులు రెండున్నాయి. మలేరియా క్రిమిని రాస్ కనుగొన్నారని రాస్తారు. దానిని మనిషి రక్తంలో 1880లోనే ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ చూశారు. దోమకాటు ద్వారా మలేరియా వ్యాపిస్తుందని రాస్ సికింద్రాబాదులోనే పూర్తిగా నిరూపించారని రాస్తారు. అదీ సరికాదు. ఇక్కడ దొరికింది తొలి ఆధారం మాత్రమే. వెంటనే బదిలీ కావడంతో పని ఆగింది. 1898లో కలకత్తాలో, పక్షులకు వచ్చే మలేరియా మీద పనిచేసి, ఆ జీవి దోమ లాలాజల గ్రంథుల వరకూ చేరుతుందని ఆయన చూపించారు. మనుషుల మలేరియా విషయంలో ఇటలీకి చెందిన గ్రాసీ ప్రభృతుల పని కూడా ఉంది, ఘనత ఎవరిదన్న దాని మీద ఇద్దరికీ పెద్ద తగాదా నడిచింది. ఈ తగాదాకు ఒక పేజీ ఇస్తే ప్రాజెక్టుకు నిండుదనం వస్తుంది.

బేగంపేట భవనం చూడదలచినవారు ముందుగా అనుమతి కనుక్కుని వెళ్లడం మంచిది. వెళ్లినా లోపల గంటల తరబడి చూడటానికి వస్తువులు ఉంటాయని ఆశపడకండి. తొట్టి దగ్గర గడిపిన గంటే ఎక్కువ నేర్పుతుంది.

తొమ్మిదో తరగతి, ఆపైన ఉన్నవారైతే నా మొదటి సలహా మారుతుంది, భాగ్యరెడ్డి వర్మను తీసుకోమంటాను. 1888లో హైదరాబాదులో మాదరి భాగయ్యగా పుట్టి, 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, దళిత బాలబాలికలకు బడులు పెట్టిన మనిషి ఆయన. 1917లో బెజవాడలో 'పంచమ' (అంటే నాలుగు వర్ణాలకు వెలుపలివారు) మహాజన సభగా పిలిచిన సభకు అధ్యక్షుడిగా వెళ్లి, ఆ పేరునే కాదని 'ఆది ఆంధ్ర' అన్న పేరును నిలిపారు. భాగయ్య భాగ్యరెడ్డి వర్మ ఎందుకయ్యారు, పంచములు ఆది ఆంధ్రులు ఎందుకయ్యారు అన్న రెండు ప్రశ్నలే ప్రాజెక్టు మొత్తాన్నీ నడిపిస్తాయి. అయితే ఆ ప్రశ్నలకు జవాబు వెతకాలంటే కులం గురించి నిదానంగా, నిజాయితీగా మాట్లాడే పెద్దవారు ఇంట్లో ఉండాలి.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పేరు కూడా తరచుగా అడుగుతారు. 1908 మూసీ వరదల తర్వాత వచ్చిన గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల వెనక ఆయన ఆలోచన ఉంది. కానీ పిల్లలు సగం పేజీలు మైసూరుకే ఇచ్చేస్తారు. కొమరం భీమ్ గురించి రాసేవారు ఆయన నేలకొరిగిన జోడేఘాట్ వరకూ వెళ్లగలిగితే రాయండి. కలాం గారిని ఇంకెవరో తప్పకుండా తీసుకుంటారు కనుక మీరు వదిలేయవచ్చు.

రాస్ విషయంలో మా నాన్నగారు ఒక అభ్యంతరం చెప్పారు. "మనవాళ్లే దొరకలేదా, దొరవారి చరిత్ర రాయిస్తున్నావు?" అన్నారు. అది తోసిపుచ్చదగిన మాట కాదు. వలస పాలన సైన్యంలోని వైద్యుడు ఆయన. ఆ సైన్యం ఆరోగ్యం కోసమే ఆ పరిశోధనకు అంత ప్రాధాన్యం ఉండేది. దానికి నేను ఇచ్చిన సమాధానం హుసేన్ ఖాన్ పేరు. 1897 ఆగస్టు 16న రాస్ మచ్చల రెక్కల దోమలతో కుట్టించింది ఇక్కడి ఈ మలేరియా రోగినే. ఒక్కో దోమకు ఒక అణా చొప్పున, పది దోమలకు పది అణాలు ఇచ్చారు. ఆగస్టు 20న రాస్ కళ్లబడిన పరాన్నజీవి ఆ మనిషి రక్తంలోదే. ఆయన ఏ ఊరివాడు, ఏం పనిచేసేవాడు, జ్వరం తగ్గిందా లేదా అన్నది పిల్లల పుస్తకాల్లో ఎక్కడా కనిపించదు. నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మనవణ్ణి పిలిచి, అట్ట మీద రాస్ పేరు కింద హుసేన్ ఖాన్ పేరు కూడా అదే సైజు అక్షరాల్లో రాయమన్నారు. వాడు అలాగే రాశాడు.