చివర్లో లెక్క అప్పజెప్పే కాపీ: నాలుగేళ్లుగా రోబోకాపీ

ఫొటోలు, స్కాన్ చేసిన పొలం కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, షాపు బిల్లులు వారానికోసారి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించడానికి నాలుగేళ్లుగా రోబోకాపీనే వాడుతున్నాను. ఇది కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల విండోలో కమాండ్ టైప్ చేసి నడిపించే కాపీ ప్రోగ్రామ్. విండోస్ విస్టా నుంచి విండోస్‌తో పాటే వస్తుంది కాబట్టి విడిగా ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. వేగం సంగతి, స్విచ్చుల (కమాండ్ చివర / పెట్టి ఇచ్చే సూచనల) జాబితా ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. నాకు దీనిమీద ఇంత ఇష్టం కలగడానికి కారణం ఒక్కటే: పని అయ్యాక అది చెప్పే లెక్క.

మౌస్‌తో కాపీ పేస్ట్ చేస్తే ఆకుపచ్చ గీత నిండుతుంది, విండో మూసుకుపోతుంది. మధ్యలో మనం ‘స్కిప్’ నొక్కిన ఫైళ్లు ఏవో ఆ తర్వాత ఎక్కడా కనిపించవు. రోబోకాపీ అలా చెప్పకుండా వెళ్లిపోదు. మొత్తం ఫైళ్లెన్ని, ఇప్పుడు కాపీ అయినవెన్ని, ముందే ఉన్నాయని వదిలేసినవెన్ని, ఫెయిలైనవెన్ని, అవతల అదనంగా ఉన్నవెన్ని అని చివర్లో పట్టిక వేస్తుంది. కంప్యూటర్ అంతగా తెలియనివాళ్లు ‘ఫెయిల్డ్’ అన్న గడి కింద సున్నా ఉందో లేదో చూసుకుంటే చాలు. చిట్టా కూడిక పైసాతో సహా సరిపోయినప్పటి నిశ్చింత ఆ సున్నాలో ఉంటుంది.

నేను కొట్టే వరుస ఇది: రోబోకాపీ అన్న మాట, కొటేషన్లలో ఇవతలి ఫోల్డర్ దారి, కొటేషన్లలో అవతలి ఫోల్డర్ దారి, చివర /ఇ /ఆర్:2 /డబ్ల్యూ:5. అక్షరాలు ఇంగ్లీషువే కొట్టాలి, మధ్యలో స్పేసులు మరవకూడదు. /ఇ ఉంటే లోపలి ఫోల్డర్లన్నీ, ఖాళీవాటితో సహా వస్తాయి. దారి చివర బ్యాక్‌స్లాష్ పెట్టి కొటేషన్ మూస్తే మాత్రం ఆ కొటేషన్ కూడా దారిలో భాగమే అనుకుని ఎర్రర్ ఇస్తుంది. చివరి బ్యాక్‌స్లాష్ తీసేస్తే సరి.

మిగతా రెండు స్విచ్చులూ లేకుండా నడిపితే ఏమవుతుందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు దీన్ని వదిలేసేది ఇక్కడే. వర్డ్‌లోనో అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లోనో ఒక ఫైలు తెరిచి ఉందనుకోండి. దాని దగ్గరికి రాగానే ఎర్రర్ 32 చూపించి, 30 సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నిస్తానంటుంది. మళ్లీ అదే ఎర్రర్, మళ్లీ 30 సెకన్లు. మనం ఏమీ చెప్పకపోతే దాని లెక్క ప్రకారం పది లక్షల సార్లు ప్రయత్నించాలి. అంటే 3 కోట్ల సెకన్లు, దాదాపు 347 రోజులు, అదీ ఒక్క ఫైలు కోసం. రాత్రి నడిపించి పడుకుంటే పొద్దున్నకి అక్కడే ఆగి ఉంటుంది, దాని వెనకున్న ఫైళ్లు ఒక్కటీ కదలవు. /ఆర్:2 అంటే రెండుసార్లే మళ్లీ ప్రయత్నించు, /డబ్ల్యూ:5 అంటే మధ్యలో 5 సెకన్లే ఆగు. అప్పుడు ఆ ఫైలుని ఫెయిలైనవాటిలో రాసి ముందుకు పోతుంది. ఆ ప్రోగ్రామ్ మూసేసి అదే కమాండ్ మళ్లీ నడిపితే, అయిపోయినవాటిని ముట్టుకోకుండా మిగిలినదొక్కటే తెస్తుంది. కరెంటు పోయి మధ్యలో ఆగినా ఇదే దారి.

ఇదంతా వారం వారం టైప్ చేయమని ఎవరికీ చెప్పను. ఒక్కసారి నోట్‌ప్యాడ్‌లో రాసి, కింద లైన్లో ‘పాజ్’ అన్న ఇంగ్లీషు మాట పెట్టి, డాట్ బ్యాట్ ఎక్స్‌టెన్షన్‌తో డెస్క్‌టాప్ మీద సేవ్ చేసిస్తే ఇంట్లో ఎవరైనా డబుల్ క్లిక్ చేసుకుంటారు. ‘పాజ్’ లేకపోతే పని అవగానే విండో మూసుకుపోతుంది, ఆ పట్టిక చూసే వీలుండదు.

/ఎంఐఆర్ స్విచ్ గురించి గట్టిగా హెచ్చరించాలి. ఇవతల లేనివన్నీ అవతల చెరిపేస్తుంది, రీసైకిల్ బిన్‌లోకి కూడా పోవు. రెండు దారులూ తారుమారైతే కొత్త ఫొటోలు పోయినట్టే. యూఎస్‌బీ డిస్కుకి వచ్చే డి, ఇ లాంటి డ్రైవ్ అక్షరం ఒక్కోసారి మారుతుంది కూడా, కాబట్టి ఉత్త డ్రైవ్ అక్షరం ఎప్పుడూ ఇవ్వకండి, ఒక ఫోల్డర్ పేరు చేర్చండి. ముందు /ఎల్ పెట్టి నడిపితే ఏమీ చేయకుండా ఏం చేయబోతోందో మాత్రం చూపిస్తుంది. ఇంట్లోవాళ్ల కోసం పెట్టే ఫైల్లో నేను /ఎంఐఆర్ పెట్టను.

లెక్క గురించి ఇంత పొగిడాను గానీ, అది ఎంతవరకు నిజమో కూడా చెప్పాలి. ఫైలు అదేనా కాదా అని రోబోకాపీ తేల్చేది సైజు, తేదీ చూసి. లోపలి సమాచారం పోల్చదు. అవతలి డిస్కు పాడై ఫొటో సగం చెడినా, సైజూ తేదీ మారకపోతే ఉన్నట్టే లెక్క. నెలకోసారి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసుకోక తప్పదు.

తెలుగు పేర్లున్న ఫైళ్లు చక్కగానే కాపీ అవుతాయి గానీ పాత నల్ల విండోలో వాటి పేర్లు డబ్బాలుగా కనిపిస్తాయి. /యూనిలాగ్ స్విచ్‌తో ఆ వివరాలన్నీ ఒక టెక్స్ట్ ఫైల్లోకి రాయిస్తే నోట్‌ప్యాడ్‌లో తెలుగు తెలుగులా చదువుకోవచ్చు. దానితో పాటు /టీ (టి తర్వాత రెండు ఇ లు) పెట్టకపోతే వివరాలన్నీ ఆ ఫైల్లోకే పోతాయి, తెర మీద ఏమీ కదలదు. డాట్ బ్యాట్ ఫైల్లో రాసే దారుల్లో మాత్రం పై ఫోల్డర్ పేర్లు ఇంగ్లీషులో ఉంచుకోవడమే సుఖం.

నాకు సరిపోయింది, ఎందుకంటే నా దగ్గర ఎప్పుడూ అవే ఫోల్డర్లు, అదే డిస్కు. ఏడాదికి రెండుసార్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకునేవాళ్లకి మౌస్ చాలు. చెరిపేవి కూడా ఉంటే, ముందే రెండు వైపులా పక్కపక్కన చూపించే ఫ్రీఫైల్‌సింక్ అనే ప్రోగ్రామ్ నయం. ఫోన్‌ని కేబుల్‌తో కలిపితే డ్రైవ్ అక్షరం రాదు కాబట్టి ఫోన్లోని ఫొటోల దగ్గర రోబోకాపీ పనికిరాదు. వాటిని నేనూ ముందు మౌస్‌తోనే కంప్యూటర్లోకి దింపుకుంటాను.