జాన్‌పహాడ్ ఉర్సులో రెండు ఊద్ అత్తర్లు

జనవరిలో సూర్యాపేట జిల్లా జాన్‌పహాడ్ దర్గాలో జరిగే ఉర్సు జాతరకు బయల్దేరుతుంటే మా నాన్న చెప్పిన పని ఒక్కటే: "మంచి ఊద్ అత్తరు తే బిడ్డా." ఆయన పేరు సైదులు. ఈ దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని నాయనమ్మ పెట్టుకున్న పేరు. మా దిక్కు ఏ ఊరికి పోయినా సైదులు, సైదమ్మలు కనిపిస్తారు. మోకాళ్ల నొప్పులతో ఈసారి నాన్న రాలేకపోయాడు.

మిర్యాలగూడలో ఆర్టీసీ స్పెషల్ బస్సు ఎక్కి, నేరేడుచర్ల మీదుగా నిలబడే పోయాను. గంధం ఊరేగింపు శుక్రవారం కాబట్టి ఆ రోజు అడుగు తీసి అడుగు వేయలేం. పిల్లలతో పోయేవాళ్లకు శనివారం నయం.

అత్తరు దుకాణం పెద్దాయన ముందే నిజం చెప్పాడు: "అసలు ఊద్ తులం కొనాలంటే వేలల్ల మాట అమ్మా. ఇవి కలిపినవి." ఆ మాటకే ఆయన మీద నమ్మకం కుదిరింది. ఊద్ వచ్చేది అగరు చెట్టు నుంచి. ఆ చెట్టు మామూలుగా ఉంటే కలపకు వాసనే ఉండదు. బూజు పట్టిన చోట చెట్టు తనను కాచుకోవడానికి జిగురు ఊరించుకుంటుంది, అక్కడ చెక్క నల్లబడి బరువెక్కుతుంది. ఊద్ నూనె తీసేది ఆ చెక్కనుంచే. మనం అగరుబత్తి, ఊదుబత్తి అంటామే, ఆ రెండూ దీని పేర్లే.

ఎడమ మణికట్టు మీద అస్సాం రకం, కుడి మణికట్టు మీద కంబోడియా రకం గాజు పుల్లతో రాశాడు. అస్సాంది గుప్పున పశువుల కొట్టం, పచ్చితోలు వాసన కొట్టింది. కంబోడియాది పనసతొన లాగ తియ్యగా ఉంది. అప్పటికప్పుడు అదే కొనేసేదాన్ని. కానీ చుట్టూ లోబాన్ (సాంబ్రాణి) పొగ, మొక్కు తీర్చుకుంటూ మాంసం వండి పెట్టే కందూరు వంటల పొగ. ముక్కు దేన్నీ పట్టుకునేలా లేదు.

కందూరు చేసే కుటుంబాలు గుడారాల్లోనే పడుకుంటాయి, వాళ్లకు అదే సుఖం. నేను మాత్రం మిర్యాలగూడకు తిరిగొచ్చి బస్టాండు దగ్గర లాడ్జిలో 800 రూపాయలకు గది తీసుకున్నాను. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు పొద్దున ఒక్క బకెట్టే ఇచ్చారు. చేతులు తడపకుండా పడుకున్నాను. రాత్రి పదింటికే పనస తీపి పలచబడి, ఉత్త చక్కెర పాకం మిగిలింది. తెల్లారి ఎడమ చెయ్యి వాసన చూస్తే కొట్టం జాడే లేదు. ఎండలో పెట్టిన పాత చెక్కపెట్టె తెరిచినట్టు వెచ్చగా, కొద్దిగా పొగ చాయతో ఉంది. చాలాసేపు ముక్కు దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను.

శనివారం మొదటి బస్సుకే మళ్లీ పోయి అస్సాంది 3 మిల్లీలీటర్ల సీసా కొన్నాను, 600 రూపాయలు. నాన్న దూదికి అద్దుకుని చెవి మడతలో పెట్టుకుని, "మన పాత కొట్టం లెక్కనే ఉంది" అన్నాడు. సాయంత్రం దాకా ఆ దూది తీయలేదు.

కొనేటప్పుడు మూత బిగించి, కవరులో చుట్టించుకోండి. నా సీసా దారిలో కొద్దిగా కారింది. బ్యాగులోని తువ్వాలను రెండుసార్లు ఉతికినా ఆ వాసన ఇంకా పోలేదు.