డబుల్ గ్లాస్ కిటికీ: మన ఎండకు ఏది పనికొస్తుంది, ఏది దండగ

షోరూముల్లో ‘డబుల్ గ్లాస్’ పేరుతో రెండు సరుకులు అమ్ముతారు. రెండు ప్లెయిన్ గ్లాసుల మధ్య 12 మి.మీ. ఖాళీ వదిలి అంచులు మూసినది ఒకటి. అదే కట్టుబడితో, గ్లాసుకు ఖాళీ వైపున్న ముఖం మీద లో-ఈ అనే పలచని లోహపు పూత ఉన్నది రెండోది. హైదరాబాద్, విజయవాడ ఎండలకు పడమటి కిటికీకి మొదటిది దండగ. రెండోదానికి పెట్టిన డబ్బు వృథా పోదు.

లెక్క చూడండి. అయిదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న కిటికీ సుమారు 1.86 చదరపు మీటర్లు. మే నెలలో సాయంత్రం నాలుగింటికి చదరపు మీటరుకు 600 వాట్ల ఎండ, బయట 42 డిగ్రీలు, గదిలో 26 అనుకుందాం. 6 మి.మీ. సింగిల్ గ్లాసు ఎండవేడిలో 82 శాతాన్ని లోపలికి వదిలేస్తుంది, అంటే 915 వాట్లు. బయటి వేడిమి వల్ల గ్లాసు గుండా వచ్చేది మరో 170. మొత్తం 1,085. ప్లెయిన్ డబుల్ గ్లాసు ఆ 170ని సగానికి తగ్గిస్తుంది. కానీ ఎండవేడి 70 శాతం వచ్చేస్తూనే ఉంటుంది కాబట్టి మొత్తం 865 దగ్గరే ఆగుతుంది. ఎండను ఆపే పూత ఉన్న యూనిట్‌లో ఆ వాటా 30 శాతమే, మొత్తం 385 వాట్లు. ఇలాంటి కిటికీలు రెండుంటే సింగిల్ గ్లాసుతో తేడా 1,400 వాట్లు. ఒక టన్ను ఏసీ లాగగలిగే వేడి 3,500 వాట్లు, దాంట్లో ఇది 40 శాతం!

అందుకే కొటేషన్‌లో యూ-వాల్యూ (బయటి వేడిమి గ్లాసు గుండా ఎంత వస్తుందో చెప్పే అంకె) ఒక్కటే రాసిస్తే ఒప్పుకోవద్దు. ఎస్‌హెచ్‌జీసీ, అంటే ఎండవేడిలో లోపలికి వచ్చే వాటా, ఎంతో రాయించుకోండి. 30 శాతమంటే 0.30. పడమర, తూర్పు కిటికీలకు 0.35 దాటకూడదు. వెలుతురు శాతం మాత్రం 40కి తగ్గనివ్వకండి, లేకపోతే పగలే లైట్లు వేసుకోవాల్సి వస్తుంది. మధ్య ఖాళీలో ఆర్గాన్ వాయువు నింపడానికి అదనంగా అడిగితే అక్కర్లేదు, పై కిటికీలో దానివల్ల తగ్గేది పది వాట్లే. సజ్జా బాగా ఉన్న ఉత్తరపు కిటికీకి సింగిల్ గ్లాసు చాలు.

పూత ఏ ముఖం మీద ఉందన్నది చాలా ముఖ్యం. బయటి నుంచి లెక్కపెడితే రెండో ముఖం మీద, అంటే బయటి గ్లాసుకు ఖాళీ వైపున ఉండాలి. బిగించేవాళ్లు యూనిట్‌ను తిరగేసి పెడితే అది మూడోదవుతుంది, పూత పీల్చుకున్న వేడి గదిలోకే వస్తుంది. చీకటి పడ్డాక లోపలి నుంచి గ్లాసు దగ్గర లైటర్ వెలిగించండి. నాలుగు మంటలు కనిపిస్తాయి. మీ వైపు నుంచి మూడోది వేరే రంగులో ఉంటే సరిగ్గా బిగించారు. రెండోది రంగు మారితే తిరగేశారు. నాలుగూ ఒకే రంగులో ఉంటే పూతే లేదు, డబ్బు కట్టకండి.

చప్పుడు విషయంలో అమ్మేవాళ్లు చెప్పేదంతా నమ్మకూడదు. 6-12-6 యూనిట్ (6 మి.మీ. గ్లాసు, 12 ఖాళీ, మళ్లీ 6 గ్లాసు) 6 మి.మీ. సింగిల్ గ్లాసు కన్నా ఆపేది రెండు, మూడు డెసిబెల్స్ మాత్రమే. రెండు పలకలూ ఒకే మందం కావడంతో ఒకే స్వరానికి కలిసి కంపిస్తాయి. రోడ్డు పక్క ఇల్లయితే ఒక వైపు 6, రెండో వైపు ల్యామినేటెడ్ (మధ్యలో ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన గ్లాసు) 8 అడగండి. స్లైడింగ్ ఫ్రేములో బ్రష్ సందుల్లోంచి మోత వచ్చేస్తుంది. చుట్టూ గాస్కెట్ (రబ్బరు పట్టీ) నొక్కుకునేలా మూసుకునే తలుపు రకమే కావాలి.

ఈ సరుకుకు అసలు జబ్బు పొగమంచు. రెండు గ్లాసుల మధ్య మసక పట్టిందంటే తుడవడానికి వీలుండదు, యూనిట్ మొత్తం మార్చాల్సిందే. అంచులో రెండు గ్లాసులనూ ఎడంగా ఉంచే అల్యూమినియం స్పేసర్, దాని లోపల తేమ పీల్చే గుళికలు, రెండు పక్కలా బ్యూటైల్ అనే రబ్బరు లాంటి జిగురు, వెలుపల పాలీసల్ఫైడ్ లేదా సిలికాన్ సీల్ ఉంటాయి. బ్యూటైల్ గీత ఎక్కడా తెగకుండా నల్లగా కనిపించాలి. పూతను అంచు చుట్టూ గీకేసి సీల్ చెయ్యాలి. గీకకపోతే అక్కడి నుంచే తుప్పు పట్టి లోపలికి పాకుతుంది.

ఫ్యాక్టరీలో అంతా సరిగ్గా చేసినా సైట్‌లో పాడుచేసేవి ఇంకా ఉన్నాయి. ఫ్రేము అడుగున నీళ్లు పోయే రంధ్రాలను సిమెంటు పాలు మూసేస్తాయి. సీల్ నీళ్లలో నానితే రెండు మూడు వానాకాలాల్లోనే మసక మొదలవుతుంది. బిగించిన రోజే ఫ్రేములో ఒక చెంబు నీళ్లు పోసి బయటికి కారుతున్నాయో లేదో చూడండి. గ్లాసు నేరుగా ఫ్రేము మీద కూర్చోకూడదు. రెండు చివరల నుంచి వెడల్పులో నాలుగో వంతు దూరాన ప్యాకింగ్ ముక్కలుండాలి, రెండు పలకల బరువూ వాటి మీదే పడాలి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడనివ్వకండి, అది అంచు సీల్‌ను తినేస్తుంది. న్యూట్రల్ రకమే వాడాలి.

పై కొలతకు 6-12-6 గ్లాసు బరువే 56 కిలోలు. పాత ఫ్రేముకు, పాత కీళ్లకు తగిలిస్తే తలుపు ఆరు నెలల్లో జారిపోతుంది. పూత ఉన్న గ్లాసు ఎండకు ఎక్కువ కాగుతుంది కాబట్టి టఫెన్డ్ (కాల్చి గట్టిపరచడం) చేయించాలి. మూల మీద సేఫ్టీ గ్లాసు ప్రమాణమైన ఐఎస్ 2553 ముద్ర చూసుకోండి. టఫెన్డ్‌ను తర్వాత ఒక్క మిల్లీమీటరు కూడా కోయలేరు. కాబట్టి ఫ్రేము గోడలో నిలబెట్టాకే కొలతలు తీయించి, రెండు కర్ణాలూ టేపు పెట్టి కొలిచి, ఆ తర్వాతే ఆర్డర్ ఇవ్వండి.