జాగ్రత్త: 'ఎండ్యూరెన్స్' ఓడ ఫొటో ఉన్న కాఫీ మగ్గు ఆన్‌లైన్‌లో కొంటున్నారా?

ధ్రువ యాత్రల పాత ఫొటోలు ముద్రించిన పింగాణీ మగ్గులు ఈమధ్య ఆన్‌లైన్‌లో చాలా కనిపిస్తున్నాయి. వాటిలో ఎక్కువమంది కొనేది అంటార్కిటికా యాత్రికుడు షాకిల్టన్ ఓడ 'ఎండ్యూరెన్స్' మంచులో ఇరుక్కుపోయి ఉన్న రాత్రి ఫొటో. భూగోళశాస్త్రం టీచరుగా రిటైరైన మా మావయ్యకి ఇద్దామని నేనూ అదే తెప్పించాను. డబ్బు పోయినందుకు కోపం ఉంది. అంతకంటే ఎక్కువగా ఆ ఫొటోని నాశనం చేసిన తీరు చూసి కడుపు మండింది. ఆర్డర్ పెట్టే ముందు దయచేసి ఇది చదవండి.

లిస్టింగ్‌లో రాసింది ఇదీ: ఒరిజినల్ ఫొటో, మ్యూజియం క్వాలిటీ, మైక్రోవేవ్‌లోనూ డిష్‌వాషర్‌లోనూ పెట్టుకోవచ్చు. ధర 899 రూపాయలు. చూపించిన బొమ్మ కూడా చక్కగా ఉంది.

వచ్చిన మగ్గు మీద ఓడ మొత్తం ఆకుపచ్చగా ఉంది. తెరచాప కొయ్యల పైభాగం కత్తిరించేశారు. అసలు ఫొటోలో అందమంతా మంచు పేరుకుని తెల్లగా మెరిసే తాళ్లలో ఉంటుంది, ఒక్కొక్క తాడూ లెక్కపెట్టుకోవచ్చు. ఇక్కడ సగం తాళ్లు లేవు, మిగతావి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఎక్కడో దొరికిన చిన్న బొమ్మని సాఫ్ట్‌వేర్‌తో సాగదీశారని చూడగానే తెలిసిపోతోంది. ఓడ చుట్టూ గరుకుగా ఉండాల్సిన మంచుగడ్డలు మైదాపిండి పోసినట్టు నున్నగా ఉన్నాయి. నల్లటి ఆకాశంలో ఎవరో నక్షత్రాలు కూడా చల్లారు.

కింద రాసిన మాట ఇంకా ఘోరం: 'కెప్టెన్ స్కాట్, దక్షిణ ధ్రువం, 1912'. స్కాట్ వేరే యాత్రికుడు, ఆయన ఓడ పేరు 'టెర్రా నోవా'. ఆయన 1912 మార్చిలో దక్షిణ ధ్రువం నుంచి తిరుగు ప్రయాణంలోనే చనిపోయాడు. 'ఎండ్యూరెన్స్' నార్వేలో మొదటిసారి నీళ్లలోకి దిగిందే అదే ఏడాది డిసెంబరులో. భూగోళం చెప్పిన మనిషికి ఆ మగ్గు ఎలా ఇవ్వమంటారు?

ఆ ఫొటో ఎలా వచ్చిందో తెలిస్తే నా బాధ మీకు అర్థమవుతుంది. 1915 ఆగస్టు 27 రాత్రి, అంటార్కిటికా పక్కనున్న వెడెల్ సముద్రం, గడ్డకట్టే చీకటి. షాకిల్టన్ యాత్ర ఫొటోగ్రాఫర్ ఫ్రాంక్ హర్లీ ఓడ చుట్టూ మంచుదిబ్బల వెనక ఫ్లాష్‌లు అమర్చి, దాదాపు ఇరవై వెలిగించి తీశాడు. మంచు నొక్కేసి ఓడలోకి నీళ్లు రావడంతో అక్టోబరులో దాన్ని వదిలేయాల్సి వచ్చింది. గాజు నెగెటివ్‌లు ఓడలోనే నీళ్ల కింద ఉండిపోయాయి. హర్లీ బట్టలు విప్పి ఆ మంచునీళ్లలోకి దిగి వాటి డబ్బాలు పైకి తెచ్చాడు. అన్నీ మోసుకెళ్లే వీలు లేక, షాకిల్టన్, హర్లీ ఇద్దరూ కూర్చుని ఒక్కొక్కటీ ఏరారు. సుమారు 120 ఉంచుకుని, దాదాపు 400 గాజు నెగెటివ్‌ల్ని అక్కడే పగలగొట్టారు, మళ్లీ మనసు మారకూడదని. నవంబరు 21న ఓడ మునిగిపోయింది. దాని శిథిలం 2022 మార్చిలో 3,008 మీటర్ల లోతున దొరికింది. అంత కష్టపడి కాపాడిన బొమ్మని మన వంటింటి దాకా తెచ్చేవాడికి కాస్తయినా శ్రద్ధ ఉండాలి కదా.

ఇక ప్రింటింగ్ సంగతి. చవక మగ్గుల మీద ఎక్కువగా చేసేది సబ్లిమేషన్. ప్రత్యేకమైన పూత ఉన్న మగ్గుకి, ఇంకు ముద్రించిన కాగితం చుట్టి, సుమారు 180 నుంచి 200 డిగ్రీల వేడితో నొక్కుతారు. ఇంకు ఆ పూతలోకి ఇంకిపోతుంది. సరిగ్గా చేస్తే గోరుతో గీకినా అంచు తగలదు. నలుపు తెలుపు ఫొటోకి ఇది కష్టమైన పని, ఎందుకంటే బూడిద రంగుని వేరే రంగులు కలిపే పుట్టిస్తారు. రంగుల సెట్టింగ్ సరిగ్గా లేకపోతే ఆకుపచ్చ తిరుగుతుంది, వేడి ఎక్కువైతే నలుపు గోధుమరంగు అవుతుంది. నాకొచ్చిన దాంట్లో అదీ లేదు. పైన అంటించిన పల్చటి పొర అది. మామూలు పీచుతో తోమితే పిడి పక్కన లేచి వచ్చింది. అలాంటిది మైక్రోవేవ్‌లో పెట్టొచ్చని ఎలా రాశారో!

పెదవి తగిలే అంచు దాకా బొమ్మ ఉన్న మగ్గులు నేనైతే కొనను. పింగాణీ పైన వాడే నాసిరకం రంగుల్లో సీసం, కాడ్మియం ఉండే ప్రమాదం ఉంది, నిమ్మరసం లాంటి పుల్లటివి పోస్తే అవి తాగేదాంట్లోకి దిగుతాయి.

సెల్లర్‌కి ఫొటోలు పంపితే 'కస్టమైజ్డ్ ప్రోడక్ట్, రిటర్న్ లేదు' అన్నాడు. నా పేరు వేయించుకోలేదు, నా ఫొటో ఇవ్వలేదు. అందరికీ అదే బొమ్మ వేసి అమ్ముతూ కస్టమైజ్డ్ అంటే ఎలా? ఇలాంటి మాట మీకూ చెబితే వెనక్కి తగ్గకండి. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం, లోపం ఉన్న వస్తువునీ, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువునీ వెనక్కి తీసుకోనని సెల్లర్ అనకూడదు. ఆ సైటు గ్రీవెన్స్ అధికారి మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. లిస్టింగ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, వాళ్లు దాన్ని మార్చేస్తారు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. నేను చేశాను, ఫిర్యాదు నమోదైంది, డబ్బు ఇంకా రాలేదు.

కొనాలనే ఉంటే ముందు అసలు ఫొటో చూడండి. హర్లీ నెగెటివ్‌లు సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ స్టేట్ లైబ్రరీలోనూ లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీలోనూ ఉన్నాయి, వాళ్ల సైట్లలో బొమ్మలు కనిపిస్తాయి. లిస్టింగ్ బొమ్మని దాని పక్కన పెట్టి తాళ్లు పోల్చండి. ఫొటో ఎవరు తీశారో కూడా రాయని సెల్లర్ దగ్గర కొనకండి. అమ్మేవాడు తయారుచేసిన కంప్యూటర్ బొమ్మ కాకుండా, కొన్నవాళ్లు రివ్యూల్లో పెట్టిన మగ్గు ఫొటోలే నమ్మండి. మీ ఊళ్లో మగ్గు ప్రింట్ చేసే ఫొటో స్టూడియో ఉంటే ఇంకా మేలు. ఫైలు వెడల్పు కనీసం 2,300 పిక్సెళ్లు ఉండేలా చూసి, ముందు ఒక్కటే వేయించుకుని, నలుపు నలుపుగా వచ్చిందో లేదో అక్కడే చూసుకోవచ్చు.

ఇంకో సంగతి. నేను ఫిర్యాదు చేశాక ఆ లిస్టింగ్ మాయమైంది. ఇప్పుడు అదే బొమ్మ వేరే పేరుతో, తగ్గించిన ధరకి కనిపిస్తోంది. ఆకాశంలో నక్షత్రాలు, కింద 'కెప్టెన్ స్కాట్, 1912' అని ఉంటే అదే. కొనకండి.