ఏడేళ్లు వాడాక మా చిన్న కారు: అన్నీ ఒక ఎత్తు, ఆ బ్లోయర్ ఒక ఎత్తు

మాది 2018 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, కింది నుంచి రెండో వేరియంట్. మైలేజీ, పికప్, డిక్కీ గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి వాటి జోలికి పోను. ఇంజిను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. నా కోపమంతా గ్లవ్ బాక్సు వెనక ఉండే బ్లోయర్ మీద, అంటే ఏసీ, హీటర్ గాలిని లోపలికి తోసే ఫ్యాను మీద, దాని ముందు ఫిల్టర్ పెట్టకుండా బండి అమ్మిన కంపెనీ మీద.

మేముండేది వరంగల్‌లో, ఎనుమాముల మార్కెట్‌కు దగ్గర్లో. దసరా దాటిందంటే పత్తి ట్రాలీలు వరుస కడతాయి. రోడ్డు అంచుల్లో దూది పేరుకుంటుంది, గాలిలో నూగు ఎగురుతూనే ఉంటుంది. కారు బయటి గాలి పీల్చుకునేది వైపర్ల కింద ఉండే జాలీ నుంచే. మా వేరియంట్‌లో ఫిల్టర్ కూర్చునే గూడు ఉంది, ఫిల్టర్ లేదు. గూటికి ప్లాస్టిక్ మూత వేసి పంపారు. పై వేరియంట్ కొన్నవాళ్లకు మాత్రం ఫిల్టర్ ఇచ్చారు. అది కొన్ని వందల రూపాయల వస్తువు.

కొన్న కొత్తలో ఈ బండి ఏసీని నేను తెగ మెచ్చుకున్నాను. మే నెల మధ్యాహ్నం కూడా రెండో స్పీడు చాలని చుట్టాలందరికీ చెప్పాను. అది మొదటి రెండు మూడు ఎండాకాలాల మాట. తర్వాత గాలి తగ్గుతూ వచ్చింది, ఏసీ వేయగానే తడి గోనెసంచి వాసన మొదలైంది. ఆ పై ఏడాది ఒకటి, రెండు, మూడు స్పీడ్లు ఒకేసారి పోయాయి. నాలుగులో పెడితేనే ఫ్యాను తిరిగేది. షోరూంకు తీసుకెళ్తే విప్పి చూడకుండానే బ్లోయర్ సెట్టు మొత్తం మార్చాలని ఐదంకెల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. "అప్పటిదాకా నాలుగులో వాడుకోండి సార్, ఏం కాదు" అన్నారు.

ఏమైందో నిరుడు జనవరి చివర్లో తెలిసింది. అమ్మను, తమ్ముణ్ణి తీసుకుని కేస్లాపూర్ నాగోబా జాతరకు బయల్దేరాం. కరీంనగర్ దాటి, రాయపట్నం దగ్గర గోదావరి దాటి, లక్షెట్టిపేట మీదుగా జన్నారం చేరేసరికి ఇంకా తెల్లవారలేదు. బయట ఆదిలాబాద్ చలి, లోపల ముగ్గురి ఊపిరి. అద్దం మసకేసింది. హీటర్ తిప్పి గాలిని అద్దం వైపు మళ్లించి నాలుగులో పెట్టాను. కాసేపు తిరిగి ఫ్యాను ఆగిపోయింది. ఏసీ బటన్ నొక్కితే దాని లైటూ వెలగలేదు. మా బండిలో బ్లోయర్ తిరగకపోతే ఏసీ కంప్రెసర్ కూడా పనిచేయదు. రెండు పక్కలా అడవి, ముందు లారీ లైట్లు, అద్దం మీద తెల్లటి పొర. తమ్ముడు తువ్వాలతో తుడుస్తున్నాడు, తుడిచిన చోటే మళ్లీ పడుతోంది. అమ్మకు ఆయాసం, చలిగాలి పడదు. అయినా ఆమే, "బిడ్డా, అద్దాలు జెర దించు, నాకేం కాదు" అంది. ఆ మాటకు నాకు కంపెనీ మీద వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఇలాంటి చోట ఇరుక్కుంటే ఒక ఉపాయం ఉంది. లోపలి గాలే తిరిగే మోడ్ తీసేసి బయటి గాలి వచ్చేలా పెట్టి, వేడి నాబ్ ఎర్రటి వైపు చివరిదాకా తిప్పి, గాలి దారి అద్దానికి మళ్లించాలి. హీటర్‌కు వేడి వచ్చేది ఇంజినును చల్లబరిచే ద్రవం (కూలెంట్) నుంచి, కాబట్టి ఫ్యాను పోయినా ఆ వేడి అక్కడే ఉంటుంది. బండి నడుస్తున్నంతసేపు బయటి గాలి దానంతట అదే కొంత తోసుకొస్తుంది. ఉట్నూరు దాకా అలాగే నెమ్మదిగా వెళ్లాం. అద్దం పూర్తిగా తేటపడలేదు కానీ దారి కనిపించింది.

వరంగల్ వచ్చాక షోరూంకు పోలేదు. తెలిసినవాళ్లు చెప్పిన ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. ఆయన ముందు ఫ్యూజ్ చూశాడు, బాగానే ఉంది. గ్లవ్ బాక్సు దించి, మోటార్ కప్లర్ (వైర్లు వచ్చి కలిసే ప్లాస్టిక్ ప్లగ్గు) ఊడదీసి, బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లు ఇచ్చాడు. మోటార్ గిర్రున తిరిగింది. "మోటర్ మంచిగనే ఉందన్నా, దాని దాకా కరెంటే వస్తలేదు" అన్నాడు. టెస్ట్ ల్యాంప్ పట్టుకుని ఒక్కో జాయింటూ చూస్తూ వెనక్కి వెళ్తే, ఫ్యాను వేగం తగ్గించే రెసిస్టర్ దగ్గరి కప్లర్ దొరికింది. ఒక పిన్ను నల్లబడి, దాని చుట్టూ ప్లాస్టిక్ కరిగిపోయింది.

ఆయన చెప్పింది విన్నాక అంతా ఒక వరుసలో అర్థమైంది. మొదటి మూడు స్పీడ్లకు కరెంటు రెసిస్టర్ గుండా వెళ్తుంది, నాలుగుకు దాన్ని తప్పించి నేరుగా పోతుంది, కానీ కప్లర్ మాత్రం అదే. రెసిస్టర్ బాగా వేడెక్కుతుంది కాబట్టి దాన్ని బ్లోయర్ గాలి తగిలే దారిలోనే బిగిస్తారు. గాలి తగ్గితే దానికి చల్లదనం అందదు, కాలిపోతుంది. మా బ్లోయర్ చక్రం బయటికి తీస్తే పాత దిండు విప్పినట్టు దూది, మధ్యలో వేపాకులు. తడి కూలింగ్ కాయిల్ మీద కూడా అదే దూది అట్టకట్టింది, వాసన అక్కడిదే. రెసిస్టర్ పోయాక నెలల తరబడి నాలుగులోనే నడవడంతో అన్నిటికన్నా ఎక్కువ కరెంటు అదే కప్లర్‌లోంచి పోయింది, వదులైన పిన్ను వేడెక్కి కరిగింది. కరెంటు పరిమితి దాటితేనే ఫ్యూజ్ పోతుంది, జాయింటు వేడెక్కితే దానికి తెలియదు. అందుకే ఫ్యూజ్ బాగుందని అక్కడితో ఆగిపోకూడదు. ఫ్యూజ్ పోయిన బళ్లలో కూడా 30 ఆంపియర్ల చోట 40ది పెట్టించుకోవద్దని ఆయన గట్టిగా చెప్పాడు, అప్పుడు వైరే కాలుతుందట.

రెసిస్టర్ కొత్తది, కప్లర్ కొత్తది, చక్రం, కాయిల్ శుభ్రం. గూటి మూత కోసి ఫిల్టర్ కూడా పెట్టించాను. అన్నీ కలిపినా షోరూం ఎస్టిమేట్‌లో నాలుగో వంతు కాలేదు. ఆ తర్వాత ఒక ఎండాకాలం, ఒక పత్తి సీజను గడిచాయి, నాలుగు స్పీడ్లూ పనిచేస్తున్నాయి. ఫిల్టర్ వల్ల ఒకటో స్పీడులో గాలి కాస్త మందగించిన మాట నిజం. పత్తి వచ్చే నెలల్లో దాన్ని తరచూ తీసి దులపాలి, లేకపోతే అదే గాలికి అడ్డుపడుతుంది.

కొనొచ్చా అని అడిగితే, మీరుండే చోటును బట్టి చెప్తాను. హైదరాబాద్‌లో అపార్టుమెంటు కింద పెట్టుకునేవాళ్లకు నా బాధ ఎప్పటికీ రాకపోవచ్చు. మాలాగా మార్కెట్ పక్కనో, జమ్మికుంట వైపు జిన్నింగ్ మిల్లుల దగ్గరో ఉంటే డెలివరీకి ముందే గ్లవ్ బాక్సు తెరిపించి ఫిల్టర్ ఉందో లేదో చూడండి, లేకపోతే అక్కడే పెట్టించండి. సెకండ్ హ్యాండ్‌లో చూస్తుంటే ఫ్యానును ఒక్కో స్పీడులో విడిగా తిప్పి చూడండి, అమ్మేవాళ్లు నాలుగులో పెట్టి చూపిస్తే సరిపోదు. ఇంజిను కోసం నేనైతే ఈ బండిని ఇంకొన్నాళ్లు ఉంచుకుంటాను. కానీ అమ్మ ఆయాసం సంగతి చూస్తే, తమ్ముడు కొనబోయే కారు మాత్రం ఫిల్టర్ ఇచ్చే వేరియంటే తీసుకోవాలని ఇంట్లో అనుకున్నాం.