గోన గన్నారెడ్డి: ఎనిమిది పేజీలు లేని పుస్తకం, దాని కొత్త ముద్రణ

మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఉండిన అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ ప్రతికి మొదటి ఎనిమిది పేజీలు లేవు. అసలు అట్ట ఎప్పుడో ఊడిపోతే గోధుమరంగు కాగితం అంటించి, దాని మీద సిరాతో పేరు రాసి పెట్టారు. ఆ పుస్తకం అడిగిన ప్రతి పిల్లవాడికీ గ్రంథపాలకులు రిజిస్టరులో సంతకం పెట్టించుకుంటూనే పోయిన పేజీల కథను నోటితో చెప్పి పంపేవారు. ఆదవోనిలో పెళ్లి జరగబోతుంది, మేళతాళాలు మోగుతుంటాయి, ఎక్కడినుంచో గజదొంగ గోన గన్నారెడ్డి మనుషులతో వచ్చిపడి పెళ్లికూతురిని ముట్టుకోకుండా పెళ్లికొడుకును ఎత్తుకుపోతాడు. గన్నారెడ్డి గుర్రం పెళ్లిపందిరి మీదుగా దూకిందని ఆయన చెప్పేవారు. ఈ మధ్య వచ్చిన కొత్త ముద్రణ కొని, ఆ ఎనిమిది పేజీలను నా నలభై ఒకటో ఏట మొదటిసారి చదివాను. గుర్రం పందిరి మీదుగా దూకడం అందులో లేదు.

ముందుగా ప్రతి సంగతి చెప్పాలి. కాగితం తెల్లగా, పలుచగా ఉన్నా వెనుక పేజీ అక్షరాలు ఇటు కనబడవు. అక్షరం పరిమాణం మా నాన్నగారి వయసువారు కూడా అద్దాలు సరిచేసుకోకుండా చదవగలిగినంత ఉంది. వెల మాత్రం నలుగురున్న కుటుంబం ఒక ఆదివారం సినిమాకు వెళ్లివచ్చే ఖర్చుకంటే తక్కువే. అచ్చుతప్పులు చూస్తే మనసు చివుక్కుమంటుంది. వీరుడు ‘కత్తి దూసి’ శత్రువు మీదికి ఉరకవలసిన చోట ‘కత్తి దాసి’ అని పడింది, దానితో ఒక పూట నాకు కథానాయకుడు పిరికివాడైపోయాడు. సామంతులు, సైన్యాధిపతులు, కోటల పేర్లు ఇన్ని వచ్చే నవలకు ఒక్క పటమైనా, చివర నాలుగు పేజీల పదకోశమైనా లేకపోవడం అంతకంటే పెద్ద లోపం. ‘మండలేశ్వరుడు’ అంటే ఎవరో నేటి ఇంటర్మీడియట్ విద్యార్థికి ఎవరు చెప్పాలి?

కథ పదమూడో శతాబ్దపు ఓరుగల్లుది. గణపతిదేవుడు కుమార్తె రుద్రమను కొడుకులా, రుద్రదేవుడనే పేరుతో పెంచి రాజ్యం అప్పగించాడు. ఆడది ఏలడమేమిటని సామంతులు లోలోపల రగులుతున్నారు, దేవగిరి యాదవ రాజు మహాదేవుడు అదను చూస్తున్నాడు. అటువంటి సమయంలో రంగనాథ రామాయణాన్ని ద్విపదలో చెప్పిన గోన బుద్ధారెడ్డి కొడుకు గన్నారెడ్డి గజదొంగగా మారి దేశం మీద పడ్డాడని వార్త పుడుతుంది. అతడు ఎత్తుకుపోయిన పెళ్లికొడుకు వేరెవరో కాదు, సొంత పినతండ్రి లకుమయారెడ్డి కొడుకు వరదారెడ్డి. ఆ దొంగతనాల వెనుక ఉన్నదేమిటో ఇక్కడ చెప్పను. 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ సినిమా చూసినవారికి కొంత తెలిసే ఉంటుంది. వారు కూడా నవల చదవవచ్చు, ఎందుకంటే ఈ రచయిత దగ్గర ‘ఏం జరిగింది’ అన్నదానికంటే ‘ఎలా కనబడింది’ అన్నదానికే పాఠకుడు బందీ అవుతాడు.

బాపిరాజు చిత్రకారుడు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమహేంద్రవరం కళాశాలలో కూల్డ్రే దొర దగ్గర చిత్రలేఖనంలో మెలకువలు నేర్చి, న్యాయశాస్త్రం చదివి, బందరు జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసి, హైదరాబాదులో ‘మీజాన్’ తెలుగు పత్రికకు సంపాదకత్వం వహించిన మనిషి. ఇన్ని పనులు చేసినా చేతిలోని కుంచెను ఎప్పుడూ కింద పెట్టలేదని ఈ నవలలోని ఏ పేజీ తిప్పినా తెలుస్తుంది. గుర్రాలు దూసుకుపోతుంటాయి, వెనుక శత్రువు తరుముతుంటాడు, మనం ఊపిరి బిగబట్టి చదువుతుంటాం. సరిగ్గా అప్పుడు రచయిత ఆగి ఒక నగ చెక్కడాన్నో, చీర అంచునో, సంధ్యవేళ కోటగోడ మీద పడ్డ ఎండనో తీరికగా వర్ణించడం మొదలుపెడతాడు. పన్నెండేళ్ల వయసులో నేను ఆ వర్ణనలను దాటవేసి గుర్రాల వెంట పడేవాణ్ణి. ఇప్పుడు గుర్రాలను కాసేపు ఆపి నగల దగ్గరే నిలబడుతున్నాను. ఇది గుణమా దోషమా అని అడిగితే, సాహస కథకు దోషమేనని నిక్కచ్చిగా చెబుతాను. కాని ఈ దోషం లేని బాపిరాజును నేను చదవలేను.

ఈ మాట నా ఒక్కడిదే కాదని ఆ పాత గ్రంథాలయ ప్రతి సాక్ష్యం చెప్పేది. దాని అంచుల నిండా పెన్సిలు రాతలు ఉండేవి. ఒకరు యుద్ధం వచ్చిన ప్రతి చోటా నిలువుగీత గీశారు. మరొకరు ఆదవోని పెళ్లికూతురు అన్నాంబిక కనబడిన ప్రతి పేజీలోనూ చిన్న పువ్వు వేశారు. ఒక పొడవాటి వర్ణన పక్కన ఎవరో ‘అయ్యా, త్వరగా కానివ్వండి’ అని రాస్తే, దాని కిందనే వేరే చేతిరాతలో ‘నీకు తొందరైతే ఎర్రబస్సెక్కు’ అని జవాబు ఉండేది. చివరి పేజీలో తీసుకున్న తేదీల ముద్రలు చాలక అదనపు చీటీలు ఒకదాని మీద ఒకటి అంటించారు. విమర్శకులు ఈ నవలను ఏ అరలో పెట్టినా, ఆ చీటీల మందమే ఈ రచయితకు పాఠకులిచ్చిన యోగ్యతాపత్రమని నా అభిప్రాయం.

ఆ పువ్వులు గీసిన పాఠకురాలు (అమ్మాయే అయి ఉంటుందని నా ఊహ) ఎందుకు గీసిందో మళ్లీ చదివినప్పుడు అర్థమైంది. పెళ్లి తప్పిపోయిన అన్నాంబిక ఏడుస్తూ మూల కూర్చోదు. ఓరుగల్లు చేరి రుద్రమదేవికి ఆంతరంగికురాలవుతుంది, కత్తి పడుతుంది, తన పెళ్లి చెడగొట్టినవాడి గురించి తానే ఒక నిర్ణయానికి వస్తుంది. మగవేషంలో పెరిగిన రుద్రమకు ఆమె దగ్గరే నోరు విప్పి ఆడపిల్లలా మాట్లాడే అవకాశం దొరుకుతుంది. ఈ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్న ఘట్టాలు నవలలో అన్నిటికంటే సజీవంగా ఉన్నాయి, కోట ముట్టడి ఘట్టాలకంటే కూడా. 1940వ దశకంలో వచ్చిన నవలలో ఇద్దరు స్త్రీల స్నేహానికి ఇంత చోటు ఇవ్వడం చిన్న సంగతి కాదు.

గన్నారెడ్డి పాత్ర మీదే నాకు ఫిర్యాదు ఉంది. అతడు ఓడడు, అలసిపోడు, పొరపాటు చేయడు. అతడు వేసిన ప్రతి పథకమూ పారుతుంది. శత్రువులు కొన్నిచోట్ల అతడికి సౌకర్యంగా ఉండాలనే తెలివితక్కువగా ప్రవర్తిస్తారేమో అనిపిస్తుంది. ఇదే రచయిత సాతవాహనుల కాలాన్ని తీసుకుని రాసిన ‘హిమబిందు’లో శిల్పి కొడుకు సువర్ణశ్రీకీ, విషకన్యకూ ఉన్న సంకటం ఇతనికి లేదు. అందుకే పాత్రల లోతు కావాలనేవారికి నేను ముందు ‘హిమబిందు’ ఇస్తాను. రాత్రి దీపం ఆర్పబుద్ధి కాని పుస్తకం కావాలనేవారికి ఇది ఇస్తాను.

పాఠకులలో చాలామంది గన్నారెడ్డిని పూర్తిగా కల్పిత పాత్ర అనుకుంటారు. మాది పాలమూరు వైపు. గోన వారు ఏలిన వర్ధమానపురం ఈ ప్రాంతంలోనిదే. నవల మీద ఇష్టంతో నేను కొన్నేళ్ల కిందట రాయచూరు కోట చూడటానికి వెళ్లాను. అక్కడ పడమటి గోడలో సుమారు 41 అడుగుల పొడవున్న ఒకే రాయి ఉంది, దాని మీద 1294 నాటి శాసనం ఉంది. గోన గన్నారెడ్డి కింద పనిచేసిన విఠలుడు ఆదవోని, తుంబళం, మానువ కోటలను పట్టుకుని, ఆపై రాయచూరులో ఈ కోట కట్టించాడని అది చెబుతుంది. అంత పెద్ద రాతిని బండి మీద పశువులతో లాగించిన దృశ్యాన్ని కూడా గీతలుగా చెక్కారు. ఎండలో ఆ రాయి ఈ కొసనుంచి ఆ కొసకు నడుస్తూ అడుగులు లెక్కపెట్టుకున్నాను. నవలలో పెళ్లిమేళం మోగిన ఆదవోని, శాసనంలో జయించిన కోటల జాబితాలో మొదటి పేరు. చరిత్రలో గన్నారెడ్డి వారికి ముట్టడి మిగిల్చిన ఊరిని బాపిరాజు అత్తవారి ఊరుగా మార్చాడు. చరిత్ర ఆచార్యులు దీనికి ఏమంటారో గాని, పాఠకుడిగా నాకు ఈ మార్పు ఎంతో నచ్చింది.

భాష గురించి భయపడేవారికి ఒక మాట. మొదటి యాభై పేజీలు సంస్కృత సమాసాల వల్ల కొంత బరువుగా నడుస్తాయి. బిరుదులు, వంశనామాలు వచ్చినప్పుడు ఒక కాగితం మీద రాసుకుంటూ చదివితే దారి తప్పరు, నేను అలాగే చేశాను. సంభాషణలు వచ్చాక నడక తేలికవుతుంది. మా అన్నయ్య కూతురు అమెరికాలో చదువుకుంటూ తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. ఆమెకు ఈ పుస్తకం పంపితే, మొదటి వారం ‘బాబాయ్, ఒక్క వాక్యానికి పది నిమిషాలు పడుతోంది’ అని ఫోను చేసింది. మూడో వారం ఫోను చేసి అన్నాంబిక పెళ్లి ఎవరితో అవుతుందో చెప్పమంది. నేను చెప్పలేదు.

ఈ ముద్రణ ప్రతులు నేను మూడు కొన్నాను. ఒకటి నాకు, రెండోది ఆ అమ్మాయికి. మూడోదానికి గట్టి అట్ట కుట్టించి, మొదటి పేజీలను రెండు వరసల దారంతో బిగించమని బైండింగు అతనికి మరీ మరీ చెప్పి, మా ఊరి శాఖా గ్రంథాలయానికి ఇచ్చి వచ్చాను. గ్రంథపాలకులు పదవీ విరమణ చేసి చాలా ఏళ్లయింది. పాత ప్రతి ఇంకా బీరువాలోనే ఉంది. దాన్ని పారవేయవద్దని, రెండూ పక్కపక్కనే పెట్టమని కొత్తగా వచ్చిన ఉద్యోగిని అడిగితే సరేనన్నారు.